పిక్కల సీజన్‌లో ఎస్‌డీకే జోలికి వెళ్లొద్దు

ఒడిశా అంచున పర్లాకిమిడిలో కూర్చుని మొబైల్ యాప్ నడుపుతున్నానంటే ఇంజనీరింగ్‌లో నాతో చదివినవాళ్లు ఇప్పటికీ వింతగా చూస్తారు. చూడనీ. వాళ్లతో నాకున్న తగాదా వేరు. అది ఎస్‌డీకే అప్‌గ్రేడ్ గురించి, అంటే యాప్ కట్టడానికి వాడే పనిముట్ల పెట్టెని కొత్త వెర్షన్‌కి మార్చడం గురించి.

ఈ విషయంలో నా చుట్టూ రెండు పార్టీలున్నాయి. "నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకడం" అనేది మొదటి పార్టీ. మా ఊరి షావుకార్లు, యాప్‌లో నాతో సగం వాటా ఉన్న మా బావ ఇందులో ఉన్నారు. "కొత్త వెర్షన్ దిగిన వారంలో ఎక్కించకపోతే నువ్వు డెవలపర్‌వే కాదు" అనేది రెండో పార్టీ. హైదరాబాద్, బెంగళూరుల్లో నెల జీతాల మీదున్న నా స్నేహితులు చాలామంది ఇటువైపు. నేను రెంటిలోనూ లేను. అప్‌గ్రేడ్ ప్రతి ఏడూ చెయ్యాల్సిందే, ఎగ్గొడితే కుదరదు. కానీ ఎప్పుడు చెయ్యాలి, చేశాక ఎవరి ఫోను పనికిరాకుండా పోతుంది అన్నవి మాత్రం సంతకెళ్లి తేల్చుకోవాలి. ఎక్కడో కూర్చుని రాసిన రిలీజ్ నోట్స్ చదివి తేల్చుకునేవి కావవి.

మా యాప్ ఏం చేస్తుందో చెప్పకపోతే ఇదంతా గాల్లో మాటలా ఉంటుంది. గజపతి జిల్లా కొండల్లో జీడితోటలు ఎక్కువ. మార్చి నుంచి మే దాకా పిక్కల సీజన్, అంటే జీడిగింజల సీజన్. గుమ్మ, సెరంగో, కాశీనగర్ వైపు సంతలకి సవర రైతులు పిక్కలు దింపుతారు. ఇక్కడి షావుకార్ల ఏజెంట్లు అక్కడే కాటా పెట్టి కొంటారు. బస్తాలన్నీ పర్లాకిమిడి గోదాములకి చేరి, పాతపట్నం మీదుగానో మెళియాపుట్టి మీదుగానో రాష్ట్రం దాటి పలాస ఫ్యాక్టరీలకి వెళ్తాయి. పలాసలో బేరమంతా 80 కిలోల బస్తా మీద. కాటా దగ్గర కూర్చున్న మనిషి రైతు పేరు, తూకం, తరుగు, రేటు కొడితే మా యాప్ లెక్క కట్టి, జేబులో పట్టే బ్లూటూత్ ప్రింటర్ మీద తెలుగులోనూ ఒడియాలోనూ చీటీ తీస్తుంది. సిగ్నల్ ఉన్న చోటికి ఫోను వచ్చాక ఆ లెక్కలు షావుకారు కంప్యూటర్‌లోకి వెళ్తాయి. కొన్ని సంతల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సిగ్నల్ ఉండదు. అంటే ఆ రోజు వ్యాపారమంతా ఒక్క ఫోన్‌లోనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మిగతా గొడవంతా దీని చుట్టూనే.

యాప్‌ని ఎక్స్‌పో మీద కట్టాం. రియాక్ట్ నేటివ్‌లో, అంటే జావాస్క్రిప్ట్‌తో ఫోన్ యాప్‌లు కట్టే చట్రంలో, రాసేవాళ్లకి ఫోన్ కెమెరా, ఫైళ్లు, డేటాబేస్ లాంటివన్నీ ఒకేచోట సర్ది ఇచ్చే సరంజామా అది. ఏడాదికి రెండు మూడు పెద్ద వెర్షన్లు వస్తాయి, ఒక్కోటీ ఒక్కో రియాక్ట్ నేటివ్ వెర్షన్‌తో ముడిపడి ఉంటుంది. ఎక్స్‌పో ఎస్‌డీకే 51తో రియాక్ట్ నేటివ్ 0.74, 52తో 0.76, 53తో 0.79, 54తో 0.81. కాబట్టి "ఎస్‌డీకే ఒక్కటే మారుస్తున్నా" అనడానికి లేదు. అది మారిందంటే కింద రియాక్ట్ నేటివ్, దానికింద ఆండ్రాయిడ్ బిల్డ్ పనిముట్లు, పక్కన మనం తెచ్చిపెట్టుకున్న ప్లగిన్లు (వేరేవాళ్లు రాసిన కోడ్ ముక్కలు) అన్నీ కదులుతాయి.

ముందు మొదటి పార్టీ సంగతి చూద్దాం. కెలక్కుండా ఉండటం మన చేతిలో లేదు. 2018 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకి, ఆ నవంబరు నుంచి పాత యాప్‌ల అప్‌డేట్లకి గూగుల్ ప్లే ఒక నియమం పెట్టింది. యాప్ ఏ ఆండ్రాయిడ్ తీరుకి తగ్గట్టు నడుచుకుంటానని చెప్పుకుంటుందో ఆ అంకెని టార్గెట్ ఎస్‌డీకే అంటారు. అది ఫలానా స్థాయికి తగ్గితే స్టోర్‌లో కొత్త వెర్షన్ పెట్టనివ్వరు. అప్పుడు గీత 26 దగ్గర ఉండేది, అంటే ఆండ్రాయిడ్ 8. ఏటా జరుగుతూ 2024 ఆగస్టు 31కి 34 అయింది, 2025 ఆగస్టు 31కి 35 అయింది, అంటే ఆండ్రాయిడ్ 15. అడిగితే నవంబరు 1 దాకా గడువిచ్చారు. 34 కూడా లేని యాప్‌లైతే అప్‌డేట్ సంగతి అటుంచి, అంతకంటే కొత్త ఆండ్రాయిడ్ ఉన్న ఫోన్లలో కొత్తవాళ్లకి స్టోర్‌లో కనపడనే కనపడవు. సీజన్‌కి నెల ముందు షావుకారు ఇద్దరు కొత్త ఏజెంట్లని పెట్టుకుని, వాళ్లకి కొత్త ఫోన్లు కొనిచ్చి, "యాప్ దొరకట్లేదు బాబూ" అని ఫోన్ చేశాడనుకోండి. నడుస్తున్నది నడవనీ అనే సిద్ధాంతం ఆ ఫోన్‌కాల్‌తో ఆఖరు.

గూగుల్‌ని తిట్టుకోవడం మావాళ్లకి అలవాటే గానీ ఈ నియమం విషయంలో నేను గూగుల్ పక్షమే. టార్గెట్ 23 కంటే కింద ఉన్న యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అడిగిన అనుమతులన్నీ ఒక్క ముద్దగా తీసేసుకునేది. ఒకప్పుడు టార్చ్ లైటు యాప్‌కి కాంటాక్ట్స్ ఎందుకో ఎవరూ అడగలేదు. ఈ గీత లేకపోతే అలాంటివి కావాలని అక్కడే ఆగిపోయేవి. ఏజెంట్ల ఫోన్లలో మా యాప్ ఒక్కటే ఉండదు కదా, ఏ గాలి యాప్ పక్కన బతుకుతోందో కూడా మనకి లెక్కే.

ఇంకో కారణం ఉంది, అది ఇంకా మొరటుది. ఎగ్గొట్టిన అప్‌గ్రేడ్ ఎక్కడికీ పోదు. నాలుగు వెర్షన్లు ఆగి ఒకేసారి ఎక్కిద్దామనుకుంటే, యాప్ తెరుచుకోనప్పుడు అది ఏ మెట్టు దగ్గర విరిగిందో తేల్చడానికి దారి ఉండదు. ఒక్కో ఎస్‌డీకే చొప్పునే ఎక్కమని ఎక్స్‌పో వాళ్లే చెప్తారు. 51 నుంచి 52, అక్కడ ఆగి బిల్డ్, అంటే ఫోన్లో వేసుకునే యాప్ ఫైలు, తీసి, ఫోన్లో వేసి, చీటీ వచ్చిందా లేదా చూసి, అప్పుడు 53. ప్యాకేజీల వెర్షన్లు సరిచేసే కమాండ్ ఉంది, తేడాలు పట్టుకునే డాక్టర్ అనే పనిముట్టు ఉంది. వాటి పని అవి చేస్తాయి. అందులో చెప్పుకోదగ్గ కథేం లేదు.

కథంతా ఫోన్ దగ్గర మొదలవుతుంది.

53 దాకా మెట్లెక్కడం 2025 వానల్లో అయింది. 54 సెప్టెంబర్‌లో వచ్చింది. దసరా హడావుడి అయ్యాక ఆ ట్రయల్ బిల్డ్‌ని గోదాములో కాటా చూసే కుర్రాడి ఫోన్లో వేశాను. నా ఫోన్లో అంతా బాగానే ఉంది. ఆ కుర్రాడు పాత చింతపండు మూట ఒకటి కాటా మీద పెట్టి, తూకం కొట్టి, కింద ఉన్న 'చీటీ తియ్యి' బటన్ నొక్కాడు. యాప్ మాయమై హోమ్ స్క్రీన్ వచ్చింది. మళ్లీ తెరిచి నొక్కాడు, మళ్లీ హోమ్ స్క్రీన్. "ఏటి సార్ ఇది, నొక్కుతుంటే పారిపోతంది" అన్నాడు. ఫోన్ చేతిలోకి తీసుకుని చూస్తే బటన్ పై సగమే కనపడుతోంది. కింది సగం ఫోన్ సొంత బటన్ల వెనక్కి పోయింది. వెనక్కి, హోమ్, రీసెంట్ అని మూడు బటన్లుండే పద్ధతి పెట్టుకున్నాడు వాడు. మా బటన్ మధ్యలో నొక్కితే వేలు సరిగ్గా హోమ్ మీద పడుతోంది. నేను జెస్చర్ పద్ధతి వాడతాను, నా తెర అడుగున సన్నటి గీత తప్ప ఏమీ ఉండదు. అందుకే నాకు కనపడలేదు.

దీన్ని ఎడ్జ్ టు ఎడ్జ్ అంటారు. టార్గెట్ 35 చేస్తే ఆండ్రాయిడ్ 15 ఫోన్లలో యాప్ తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకోవాల్సిందే, పైనా కిందా ఉండే సిస్టం పట్టీలు దాని మీద తేలుతుంటాయి. వద్దనుకుంటే తప్పించుకోవడానికి 35లో ఒక సెట్టింగ్ ఇచ్చారు. 36కి, అంటే ఆండ్రాయిడ్ 16కి వచ్చేసరికి ఆ సెట్టింగ్ చెల్లదు. ఎక్స్‌పో 54 టార్గెట్ 36, పైగా అందులో ఎడ్జ్ టు ఎడ్జ్ ఆపుకునే వీలే లేదు. ఇలాంటిది రిలీజ్ నోట్స్‌లో ఒక్క వాక్యం. కాటా దగ్గర దాని ఫలితం చూడండి. యాప్ పారిపోయిందనుకున్న మనిషి ఎంట్రీ పడలేదేమోనని మళ్లీ మొదట్నుంచి కొడతాడు. మొదటి ఎంట్రీ సేవ్ అయ్యే ఉంటుంది. ఒక మూటకి రెండు లెక్కలు. సాయంత్రం నగదు, సరుకు కలవవు. అప్పుడు అనుమానం యాప్ మీదకి రాదు, ఆ కుర్రాడి మీదకి పోతుంది. సరిచేయడం పెద్ద పనేం కాదు, అడుగున ఎంత జాగా వదలాలో సేఫ్ ఏరియా లెక్క అడిగి అంత వదలడమే. కీబోర్డు లేచినప్పుడు రేటు గడి దాని వెనక పడిపోవడమూ ఇదే బాపతు, దాన్నీ అప్పుడే చూసుకున్నాం. కానీ మూడు బటన్ల ఫోను, కాటా, తొందరలో ఉన్న వేలు ఈ మూడూ ఒకచోట ఉంటే తప్ప ఇది బయటపడదు. వారంలోగా ఎక్కించాలనే నా స్నేహితులకి కనపడనిది ఇదే. వాళ్ల ఆఫీసులో టెస్టింగ్ ఫోన్లు బీరువా నిండా ఉండొచ్చు, బస్తా మోసుకొచ్చిన చెమట చెయ్యి మాత్రం ఉండదు.

ప్రింటర్ కథ ఇంకా పొడుగు. ఈ 58 మిల్లీమీటర్ల ప్రింటర్లకి తెలుగు రాదు, ఒడియా రాదు. ఇంగ్లిష్ అక్షరాలైతే నేరుగా పంపితే లైనుకి 32 పడతాయి. మన లిపికి ఆ సౌకర్యం లేదు. చీటీ మొత్తాన్ని ముందు ఫోన్లోనే బొమ్మగా గీసుకుని, 384 చుక్కల వెడల్పున నలుపు తెలుపుల్లోకి మార్చి, ఆ చుక్కల్ని వరస వరసగా ప్రింటర్‌కి పంపాలి. 'క్ష్మ' లాంటిది విడిపోకుండా రావాలన్నా, ఒడియా అక్షరాల గుండ్రటి తలకట్లు నల్లటి ముద్ద కాకుండా ఉండాలన్నా ఇదే దారి. ఇదంతా చేసిపెట్టే ప్లగిన్ ఒకటి చాలాకాలం వాడాం. రాసినాయన దాన్ని వదిలేసి వేరే పని చూసుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టను, ఉచితంగా ఇచ్చాడు.

రియాక్ట్ నేటివ్ లోపలి కట్టడం ఈ మధ్య మొత్తంగా మారింది. జావాస్క్రిప్ట్‌కీ ఫోన్‌కీ మధ్య మాటలు మోసే పాత వంతెన తీసేసి కొత్త ఆర్కిటెక్చర్ పెట్టారు. 0.76 నుంచి మొదట దొరికేది కొత్తదే. పాత ప్లగిన్లు కూడా నడవడానికి మధ్యలో ఒక సర్దుబాటు పొర ఉంది, మా ప్రింటర్ ప్లగిన్ దాని మీద కుంటుకుంటూ నడిచింది. ఒక్కోసారి సగం చీటీ వచ్చి ఆగిపోయేది. ఎక్స్‌పోలో పాత ఆర్కిటెక్చర్‌కి తిరిగెళ్లే వీలు 54తో సరి, ఆ తర్వాత లేదు. అంటే ఇవాళ కాకపోతే రేపు ఆ ప్లగిన్‌ని వదలాల్సిందే. వదిలేసి, మాకు కావాల్సినంత మేరకు చిన్న నేటివ్ మాడ్యూల్, అంటే ఫోన్‌తో నేరుగా మాట్లాడే కోడ్ ముక్క, మేమే రాసుకున్నాం. జత చేసిన ప్రింటర్‌తో కనెక్షన్ తెరవడం, చుక్కలు పంపడం, మూయడం. ఇంతే. పెద్ద ప్లగిన్‌లో ఉన్న సవాలక్ష సదుపాయాల్లో మేం వాడింది ఇదేనని రాసుకున్నాకే తెలిసింది. మీ యాప్‌లో వ్యాపారం దేని మీద నిలబడి ఉందో ఆ ఒక్క ముక్కని పరాయి ప్లగిన్‌కి వదిలిపెట్టకండి. మిగతావి ఎవరివైనా వాడుకోండి.

అనుమతుల సంగతి త్వరగా చెప్తాను. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్ పరికరంతో మాట్లాడటానికి విడిగా అడగాలి. ఫోను "దగ్గర్లోని పరికరాలు" అని ఏదో అడుగుతుంది. ఏజెంటు దాన్ని ఏ లోన్ యాప్ వేషమో అనుకుని వద్దంటాడు. వద్దనడం మంచి అలవాటే, నేనే నేర్పాను. కానీ రెండుసార్లు వద్దంటే ఆ తర్వాత ఫోన్ అడగడమే మానేస్తుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇవ్వాల్సొస్తుంది. అందుకే ఇప్పుడు ఫోన్ అడిగే ముందు మా తెర మీదే ప్రింటర్ బొమ్మ పెట్టి, చీటీ రావాలంటే ఇది కావాలి అని తెలుగులో ఒడియాలో చెప్తున్నాం.

ఇక అన్నిటికంటే భయపెట్టేది ఫోన్లో ఉన్న లెక్కలు. ఎక్స్‌పోలో ఎస్‌క్యూలైట్ (ఫోన్లోనే ఉండే చిన్న డేటాబేస్) వాడే తీరు 51 నాటికి మారింది. పాతదాన్ని లెగసీ అని పక్కకి నెట్టారు. ఫైళ్ల లైబ్రరీకి 54లో అదే జరిగింది, పాత పేరుతో పిలిస్తే కొత్తది పలుకుతుంది, పాతది కావాలంటే లెగసీ అని అడగాలి. కోడ్ మార్చడం ఒక పూట పని. డేటాబేస్ ఫైలు మాత్రం పాత యాప్ రాసినదే, దాన్ని కొత్త యాప్ చదవాలి. ఖాళీ ఫోన్లో కొత్త బిల్డ్ వేసి "బ్రహ్మాండంగా ఉంది" అనుకోవడం టెస్టింగ్ కాదు. నేను చేసేది ఇది. పాత బిల్డ్ వేసి సీజన్ నిండా పడ్డన్ని చీటీలు అందులో నింపుతాను. నెట్ తీసేసి, సగం చీటీలు ఇంకా పంపనివిగా ఉంచి, దాని మీదే కొత్త బిల్డ్ వేస్తాను. ముందూ తర్వాతా చీటీల సంఖ్య, మొత్తం కిలోలు, మొత్తం రూపాయలు ఈ మూడూ కలవాలి. పైసా తేడా వచ్చినా ఆ బిల్డ్ బయటికి వెళ్లదు. డేటాబేస్‌లో యూజర్ వెర్షన్ అని ఒక అంకె రాసుకోవచ్చు, దాన్ని చూసి ఏ మార్పు దాకా అయిందో యాప్ తెలుసుకుంటుంది. మార్పు మధ్యలో ఫోను ఛార్జింగ్ అయిపోయినా మళ్లీ అక్కడి నుంచి సరిగ్గా మొదలవ్వాలి. కొండమీద ఛార్జింగ్ అయిపోవడం అనుకోని సంఘటనేమీ కాదు, రోజూ జరిగేదే.

"యాప్ తీసేసి మళ్లీ వేసుకో" అనే సలహా ఉంది చూశారూ, మా పనిలో దానికి మించిన విషం లేదు. అప్‌డేట్ చేస్తే ఫోన్లో లెక్కలు ఉంటాయి. తీసేస్తే లెక్కలు పోతాయి. ఈ తేడా మామూలు మనుషులకి ఎవరూ చెప్పలేదు. పైగా దీనికో మెలిక. సిగ్నల్ లేని ఊళ్లకి యాప్ ప్లే స్టోర్ నుంచి వెళ్లదు, ఒక ఏజెంటు ఇంకో ఏజెంటుకి ఫోన్ నుంచి ఫోన్‌కి పంపిస్తాడు, లేదా మేమే వాట్సాప్‌లో ఫైలు పంపుతాం. యాప్ ఎవరిదో ఫోన్ పోల్చుకునే డిజిటల్ సంతకం ఒకటి ప్రతి యాప్ మీదా ఉంటుంది. ప్లే నుంచి వచ్చిన యాప్ మీద ఉండే సంతకం వేరు, మేం నేరుగా తీసిన ఫైలు మీద ఉండే సంతకం వేరు. ఒకదాని మీద ఇంకోటి ఎక్కదు. "ఇన్‌స్టాల్ కాలేదు" అని వస్తుంది. అప్పుడు మనిషి సహజంగా చేసే పని పాతది తీసేయడం. సంత మధ్యలో ఆ పని చేస్తే ఆ రోజు కొన్నదంతా గాల్లో కలిసినట్టే. అందుకే ఎవరికి ఏ దారిన యాప్ వెళ్లిందో ఒక పుస్తకంలో రాసి పెడతాం. అవును, పుస్తకంలోనే.

ఇక ఎవరి ఫోను పోతుందన్న ప్రశ్న. 51 దాకా ఆండ్రాయిడ్ 6 ఫోన్లలో యాప్ నడిచింది. 52తో కనీస స్థాయి ఆండ్రాయిడ్ 7 అయింది. టార్గెట్ వేరు, ఇది వేరు. టార్గెట్ పెంచితే పాత ఫోన్లకి నష్టం లేదు. కనీసం పెంచితే ఆ కింద ఉన్నవాళ్లకి కొత్త వెర్షన్ రాదు. గూగుల్ ప్లే అడిగేది మొదటిది. రెండోది ఫ్రేమ్‌వర్క్ వాళ్లు వాళ్ల పని తేలిక కోసం పెంచేది. ఈ రెంటినీ ఒకటే పొట్లంలో కట్టి ఇస్తారు కాబట్టి చాలామంది ఒకటే అనుకుంటారు.

ఈ మాట అంటే నా స్నేహితుడు ఒకడు, "ఒరేయ్, ఆండ్రాయిడ్ 6 వాడేవాళ్లు ఎంత శాతం? ప్లే స్టోర్ డెవలపర్లకి లెక్కలు చూపించే కన్సోల్ తెరిచి చూడు" అన్నాడు. చూశాను, శాతం చాలా తక్కువ. కానీ ఆ లెక్కలో ప్లే స్టోర్ నుంచి వచ్చినవాళ్లే ఉంటారు, చేతుల మీదుగా వెళ్లినవాళ్లు ఉండరు. రెండోది, ఆ కొద్దిమందీ నలుమూలలా చెదిరి ఉండరు. పర్లాకిమిడిలో ఒక్కరూ లేరు. అందరూ రోడ్డు ఆఖర్న ఉన్న సంతల్లోనే. కొడుకు కొత్త ఫోన్ కొనుక్కుంటే పాతది తండ్రికి, తండ్రి నుంచి చిన్నాన్నకి, అలా కొండెక్కిన ఫోన్లవి. శాతం చూస్తే అది నిర్లక్ష్యం చేయదగ్గదే, మ్యాప్ మీద చూస్తే ఒక సంత మొత్తం.

అలాగని ఆ ఫోన్ల కోసం యాప్ మొత్తాన్ని 51లో కూర్చోబెట్టాలని నేననను. అలా కూర్చుంటే మిగతావాళ్లందరూ మునుగుతారు. మేం చేసింది ఇది. కొత్త వెర్షన్ అందని ఫోన్లలో పాత యాప్ అలాగే ఉంటుంది, చచ్చిపోదు. కాబట్టి దాన్ని బతికున్నదిగానే లెక్కపెట్టాలి. సర్వర్ పాత యాప్ పంపే పద్ధతిలో లెక్కల్ని ఇప్పటికీ తీసుకుంటుంది, ఆ తలుపు మూయలేదు. ఎక్స్‌పోలో చిన్న చిన్న సవరణల్ని స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌కి పంపొచ్చు, అయితే ఆ బిల్డ్ రన్‌టైమ్ వెర్షన్‌తో, అంటే ఫోన్లో ఉన్న యాప్ లోపలి కట్టడానికి ఇచ్చిన గుర్తుతో, సరిపోలాలి. పాత రన్‌టైమ్ వాళ్లకి వేరే శాఖ ఉంచి, రేటు పట్టికలో మార్పులు, తరుగు లెక్కలో సవరణలు ఆ శాఖకి కూడా పంపుతున్నాం. కొత్త సదుపాయాలు పంపం. ఇది ఎన్నాళ్లు? ఒక్క పిక్కల సీజన్ దాకా అని షావుకార్లకి ముందే చెప్పాం. ఆ లోపు ఫోన్లు మార్చడమా, ఆ సంతలో మళ్లీ కాగితం పుస్తకం పెట్టడమా వాళ్లు చూసుకోవాలి. ఒకాయన సెకండ్ హ్యాండ్ ఫోన్లు తెచ్చి ఏజెంట్లకిచ్చి కమిషన్లో కొద్దికొద్దిగా కోసుకుంటున్నాడు. అది న్యాయమా అంటే నాకు నచ్చలేదు. ఫోను ఆయన వ్యాపారం కోసమే కదా. చెప్పాను, విని ఊరుకున్నాడు. ఇంకొకాయన కాగితమే మేలన్నాడు. ఆయన ఏజెంటు చేతిరాత నేను చూశాను, యాప్ కంటే అందంగా ఉంటుంది.

సమయం గురించి. ఫిబ్రవరి మధ్య నుంచి జూన్ దాకా మేం కొత్త ఎస్‌డీకే ముట్టుకోం. తప్పు దొరికితే ఆ తప్పు వరకే సరిచేస్తాం. ఆగస్టు 31 గడువు మాకు బాగా కలిసొచ్చింది, పలాస సంగతి తెలిసి ఎవరూ పెట్టలేదు గానీ. పిక్కలయ్యాక వానలు పడతాయి, షావుకారుకి తీరిక, ఏజెంటుకి తీరిక, గోదాములో కుర్రాడు ఖాళీగా దొరుకుతాడు. కొత్త ఎస్‌డీకే వచ్చిన మొదటి వారాల్లో బయటపడే తప్పుల్ని అప్పటికి ఎవరో దిద్ది ఉంటారు కూడా. కోటి మంది వాడే యాప్ కంపెనీకి ఏ నెలైనా ఒకటే కావచ్చు. మీ యాప్ చేపల వేటకి సంబంధించినదైతే వేట నిషేధం రోజులు చూసుకోండి, బట్టల కొట్టుకైతే సంక్రాంతి అయ్యాక. క్యాలెండర్ మీది, మీ కస్టమర్లది.

డబ్బు మాట ఎవరూ ఎత్తరు, నేను ఎత్తుతాను. అప్‌గ్రేడ్ అయ్యాక షావుకారు గారి దగ్గరికి బిల్లు పట్టుకెళ్తే, "కొత్తగా ఏటొచ్చింది బాబూ?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. తెర అదే, బటన్ అదే, చీటీ అదే. వారాల తరబడి పనిచేసి చూపించడానికి ఏమీ లేదు. మా బావ అక్కడే తడబడ్డాడు, కొత్త రంగులేవో చూపించబోయాడు. నేను మాత్రం కొత్తగా ఏమీ రాలేదు, వచ్చే ఏడు మీ కొత్త ఏజెంటు ఫోన్లో యాప్ దొరకాలంటే ఇది చెయ్యాలి అన్నాను. ఆయన లారీకి ఏటా ఫిట్‌నెస్ చేయిస్తారు. ఆ సర్టిఫికెట్ తెచ్చాక లారీ వేగం పెరగదు, లేకపోతే చెక్‌పోస్ట్ దగ్గర ఆగిపోతుంది. ఆ లెక్క ఆయనకి వెంటనే ఎక్కింది. బేరం మాత్రం ఆడారు. ఇప్పుడు మా ఒప్పందంలో యాప్ ధర వేరు, ఏటా వర్షాకాలం పని వేరు. రెండోదాంట్లో ఒక మెట్టు ఎస్‌డీకే, పాత ఫోన్లకి ఒక సీజన్ దాకా చూసుకోవడం, గోదాములో ఒక పూట ట్రయల్ ఉన్నాయి. నాలాగా చిన్న ఊళ్లలో యాప్‌లు చేసిపెడుతున్నవాళ్లకి చెప్పేదేంటంటే, యాప్‌కి ఒకేసారి డబ్బు తీసుకుని జీవితాంతం ఉచితంగా చూస్తామని ఒప్పుకోకండి. మూడో ఏడు మీరు ఫోన్ ఎత్తడం మానేస్తారు, అప్పుడు నష్టపోయేది ఆ సంతే.

ఇంకో చిక్కు దారిలో ఉంది. షావుకారు గారు గోదాము కౌంటర్ మీదకి పెద్ద ట్యాబ్లెట్ ఒకటి కొన్నారు. మా యాప్ తెర నిలువుగానే ఉండాలని కట్టేశాం. టార్గెట్ 36 అయ్యాక ఆండ్రాయిడ్ 16 ఉన్న పెద్ద తెరల మీద ఆ కట్టు చెల్లదు, అడ్డం తిప్పితే తిరుగుతుంది. అడ్డం తిరిగితే రేటు గడి, తరుగు గడి ఎక్కడెక్కడో పడుతున్నాయి. దాన్ని మళ్లీ అమర్చాలి. పిక్కలు అయ్యాక చూస్తానని చెప్పాను. "అప్పటికి ఇంకోటి వచ్చేస్తాదేమో బాబూ" అన్నారాయన. వస్తుందనే చెప్పాను. ఈసారి బిల్లు ఎంతవుతుందో ముందే కాగితం మీద రాసిమ్మన్నారు, రాసిచ్చాను.